మూడో పోస్టు దగ్గర నేను కోసిన సీలు

సెప్టెంబరు మూడో వారం. ఉదయం ఐదు నలభై. మా మూడు లారీలు కొత్తగూడ కూడలిలో ఆగాయి. సన్నగా ముసురు పడుతోంది. రోడ్డు మీద ఒక్క ఆర్టీసీ బస్సు లేదు. లారీ వెనక తలుపు దించుకుని కిందికి దూకాను. తలకు హెల్మెట్, ఛాతీకి కవచం, ఒక చేతిలో లాఠీ, మరో చేతిలో ప్లాస్టిక్ షీల్డు. వీపు మీద పద్దెనిమిది కిలోల బ్యాగు. ఎదురుగా అద్దాల మేడలు.

ముందే చెబుతున్నాను. మా ఊళ్లో నన్ను ‘మిలిటరీ’ అంటారు గానీ మాది ఆర్మీ కాదు, కేంద్ర బలగం. పదిహేడేళ్లు చేసి హవల్దారుగా బయటికి వచ్చాను. మాది రాజంపేట పక్కన పల్లె. టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఎక్కడెక్కడ చేశావు, ఎక్కడ ఎక్కువ భయమేసింది అని అడుగుతారు. హైటెక్ సిటీలో అంటే పగలబడి నవ్వుతారు. ఏసీ ఆఫీసుల మధ్య నీకేం భయం మిలిటరీ అని ఆట పట్టిస్తారు. నోటితో చెప్పడం చేతకాలేదు. అందుకే రాస్తున్నాను.

అది తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న ఏడాది, రెండు వేల పదకొండు. సర్కారు ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. బస్సులు లేవు, బడులు లేవు. మదీనాగూడలో మూతపడిన ఒక బడిలో మాకు బస. మా ప్లటూనుకు ఐదో తరగతి గది వచ్చింది. బెంచీలు గోడకు నెట్టి నేల మీద పరుపులు వేసుకున్నాం. నల్లబల్ల మీద సగం చేసిన భాగహారం లెక్క అలాగే ఉంది. ఉన్న నలభై రోజులూ దాన్ని ఎవరూ తుడవలేదు.

డ్యూటీ ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. మూడో పోస్టు, ఎనిమిది అంతస్తుల ఒక ఆఫీసు భవనం గేటు ముందు. ఇసుక బస్తాల గోడ, ఒక టార్పాలిన్, ఐదుగురం. కంపెనీ మొత్తానికి తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ప్లటూన్ కమాండర్ హర్యానా ఆయన. మొదటి రోజే నా భుజం తట్టి, “నువ్వే మా నోరు, నువ్వే మా చెవి” అన్నాడు. ఆయన హిందీలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను. వైర్‌లెస్ సెట్టులో మాటలు కూడా అంతే.

ఆ గేటుకు కాపలాదారు మల్లేశం. యాభై దాటిన మనిషి. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి బోరబండలో కిరాయికి ఉంటున్నాడు. నీలం చొక్కా, భుజాన పసుపు తాడు, చేతిలో టార్చి. మొదటి రోజు నేను గేటు దగ్గరికి వెళ్లగానే మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

“నాకెందుకన్నా సెల్యూటు? నేనేమన్నా ఆఫీసర్నా?” అన్నాను.

“బట్టలకు కొట్టిన సార్, మీకు గాదు,” అన్నాడు. తర్వాత నా మాట విని నవ్వాడు. “ఓహో, సీమ సారా! సీమోళ్లంటే గట్టిగ మాట్లాడ్తరంటరు గద. మీరేంది గిట్ల నెమ్మదిగున్నరు?”

“షీల్డు బరువుకు నోరు పడిపోయిందన్నా.”

ఆ రోజు నుంచి నేను ‘సీమ సార్’నే. ఊరేగింపు వచ్చిన రోజు మేము షీల్డులు కలిపి వరుసగా నిలబడేవాళ్లం. మల్లేశం మా వెనక గేటు లోపల నిలబడి వాళ్లతో పాటు పెదాలు కదుపుతూ జై తెలంగాణ అనేవాడు. ఊరేగింపు వెళ్లిపోయాక మాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు నీళ్లు పోస్తూ అన్నాడు. “తెలంగాణ అయితే వస్తది సార్. ఫికర్ లే. మా బిడ్డకు మందొస్తదో లేదో గదే ఫికరు.”

అలా తెలిసింది. ఆయన కూతురు మౌనిక. పంతొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో ఏడు. రక్తంలో ఎర్రకణాలు వాటంతట అవే పగిలిపోయే జబ్బు. ఒక్కోసారి లోపలే రక్తం గడ్డ కూడా కడుతుందట. దాని పేరు నాకు అప్పుడూ నోరు తిరగలేదు, ఇప్పుడూ తిరగదు. రక్తం ఎక్కించుకుంటూ నెట్టుకొస్తోంది. మందు ఉంది గానీ మన దేశంలో లేదు. బయటి దేశం కంపెనీ ఒకటి జాలిపడి ఉచితంగా పంపడానికి ఒప్పుకుంది. దాన్ని తెప్పించే పని ఈ భవనంలోనే నాలుగో అంతస్తులో ఉన్న ఒక చిన్న ఆఫీసుది. విదేశీ మందులు తెప్పించి దవాఖానలకు ఇవ్వడమే వాళ్ల పని. మల్లేశం ఏడాదిగా గేటు తెరిచి నమస్కారం పెట్టే శ్రీలక్ష్మి గారే ఆ ఫైలు చూస్తున్నారు.

శ్రీలక్ష్మి గారిది రాజమండ్రి వైపు. రోజూ ఎనిమిదింబావుకు చంకలో ఫైలుతో వచ్చేవారు. బ్యాగు చూపించమంటే విసుక్కోకుండా చూపించేవారు. ఒకరోజు నేనే అడిగాను, ఒక్క మందు కోసం ఇంత లావు ఫైలెందుకని.

“మన దేశంలో రిజిస్ట్రేషన్ లేని మందండి ఇది,” అన్నారావిడ. “అంటే ఏ షాపూ అమ్మకూడదు, ఎవరూ నిలవ పెట్టుకోకూడదు. రోగి పేరు మీద, డాక్టరు చీటీ మీద ఢిల్లీ నుంచి అనుమతి రావాలి. పన్నెండు సీసాలని రాస్తే పన్నెండే. పదమూడోది వచ్చినా తప్పే, ఇంకొకరికి వాడినా తప్పే.”

“మా ఆయుధాల గదిలోనూ ఇంతే మేడమ్. ఒక్కో తూటాకు ఒక్కో సంతకం.”

“మరి అంతే కదండీ. ఇలా పట్టుకోకపోతే సీసాల్లో నీళ్లు పోసి అమ్మేవాళ్లు బోలెడుమంది,” అన్నారు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. అనుమతికి పది వారాలు పట్టిందనీ, అది నెల కిందటే చేతికొచ్చిందనీ, ఇక పెట్టె విమానం ఎక్కడమే మిగిలిందనీ చెప్పారు.

మౌనికను ఒక్కసారే చూశాను. మేము వచ్చిన తొమ్మిదో రోజు, పదకొండున్నర ప్రాంతం. తండ్రి టిఫిన్ మర్చిపోయాడని షేర్ ఆటోలో తీసుకొచ్చింది. ఆటో నుంచి గేటుకు ముప్పై అడుగులు. మధ్యలో ఆగి మా ఇసుక బస్తా మీద కూర్చుంది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నోరు మాత్రం తండ్రి నోరే.

“సీమ సార్ మీరేనా? మా నాన్న ఇంట్ల తింటె మీ ముచ్చట, పంటె మీ ముచ్చట.”

“మంచిదా, చెడ్డదా?”

“సీమ సార్ నాలుగు ఇడ్లీలు ఒక్క ముద్దల మింగుతడంట.” నవ్వి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. “మందు డబ్బ మీద నా పేరు ప్రింటయి వస్తదంట సార్. పెండ్లి కార్డు మీద గూడ ఇంకా పడలె. మందు డబ్బ మీద పడ్తుంది, సూడుండ్రి నా నసీబు!”

సెట్టు మోసే బెంగాలీ జవానుకు భాష రాకపోయినా ఆ నవ్వు చూసి వాడూ నవ్వాడు. మల్లేశం టిఫిన్ అందుకుని, ఎండల ఎందుకొచ్చినవే అని కసిరి, తన కుర్చీ తెచ్చి నీడలో వేశాడు.

పన్నెండో రోజు పెట్టె వచ్చింది.

ఆ రోజు బంద్. పొద్దున ఆరుంబావుకే సెట్టు మోగింది. “అన్ని పోస్టులకు కంట్రోల్. ఐటీ కారిడార్‌లో అనుమానాస్పద పెట్టె ఉందని సమాచారం. సీలు వేసిన పార్సిల్ ఏదొచ్చినా తెరిచి చూడకుండా లోపలికి పంపొద్దు. మినహాయింపు లేదు. తెరవలేకపోతే నలభై మీటర్ల దూరంలో పెట్టి కుక్కల బృందం కోసం ఆగండి. ఓవర్.” ఆ సమాచారం ఉత్త పుకారని సాయంత్రానికి తేలింది. ఆర్డరు ఉదయానిది.

పదకొండు ఇరవైకి శంషాబాద్ నుంచి వ్యాను వచ్చింది. మామూలుగా అయితే తిన్నగా దవాఖానకు పోవాలి. అక్కడి మందుల స్టోరు సమ్మెలో మూతపడింది కాబట్టి ముందు ఇక్కడి కోల్డ్ రూములో పెట్టాలనుకున్నారు. డ్రైవరు తెల్లటి థర్మోకోల్ పెట్టె దించాడు. చుట్టూ ఎర్ర అక్షరాల టేపు, దాని మీద ఎవరిదో సంతకం, ముద్ర. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలని పక్కన పెద్దగా రాసి ఉంది. మల్లేశం పరుగెత్తుకొచ్చి పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాడు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

ముసురు పోయి నాలుగు రోజులైంది. ఎండ మాడుస్తోంది. సెట్టు అందుకున్నాను.

“కంట్రోల్, పోస్టు మూడు. మందుల పెట్టె. ఎవరిదో నాకు తెలుసు. తెరవకుండా లోపలికి పంపడానికి అనుమతి కావాలి. ఓవర్.”

“పోస్టు మూడు, కంట్రోల్. మినహాయింపు లేదు. ఓవర్.”

“కుక్కల బృందం ఎంతసేపట్లో వస్తుంది? ఓవర్.”

“మియాపూర్‌లో రాస్తారోకోలో ఇరుక్కుంది. సమయం చెప్పలేం. అవుట్.”

శ్రీలక్ష్మి గారికి ఫోన్ చేస్తే కలవలేదు. పైన ఆఫీసు తాళం కూడా ఆవిడ దగ్గరే. మల్లేశం నా ముఖంలోకే చూస్తున్నాడు. “మేడమొచ్చేదాంక ఆగుదాం సార్,” అన్నాడు.

ఆగొచ్చు. ఆగితే పెట్టె నలభై మీటర్ల అవతల, డివైడరు మీద, నడి ఎండలో. గంటో, మూడు గంటలో. నాకు తెలిసిన శత్రువు ఎండ ఒక్కటే. మా బలగంలో ఇంటి నుంచి పార్సిల్ వస్తే పోస్టులోనే కత్తితో కోసి, చూసి, మళ్లీ టేపు వేసి ఇస్తాం. అప్పటికే కొన్ని వందలు కోసి ఉంటాను. సున్నుండలు, స్వెటర్లు, దేవుడి ప్రసాదాలు. సీలు అంటే నాకు అదే.

“ఒక్క నిమిషం పని మల్లేశన్నా,” అన్నాను. “కోసి చూసి మూసేస్తా. చల్లదనం యాడికీ పోదు. ఎండలో పెడితేనే పాడైపోతాది.”

మేడమ్ వస్తున్నారేమోనని ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత పెట్టెను టార్పాలిన్ నీడలో బల్ల మీద పెట్టాడు. “మీకెట్ల తోస్తె గట్ల జెయ్యుండ్రి సార్. మీరు మా బిడ్డకు చెడు జేస్తరా?” అన్నాడు.

కోశాను. పెట్టె కదలకుండా ఆయనే పట్టుకున్నాడు. మూత ఎత్తాను. లోపల మంచు దిమ్మల మధ్య పన్నెండు చిన్న డబ్బాలు. ఒక్కదాన్నీ ముట్టలేదు. ప్రతి డబ్బా మీదా మౌనిక పేరు, వయసు, అనుమతి నంబరు. ఒక మూలన చల్లదనం కొలిచే అగ్గిపెట్టె అంత పరికరం, దాని మీద మిణుకుమిణుకుమంటూ పచ్చ దీపం. దాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మూత పెట్టి టేపు చుట్టాను. మొత్తం యాభై సెకన్లు. గడియారం చూసుకునే చేశాను. మల్లేశం కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

పన్నెండుంబావుకు శ్రీలక్ష్మి గారు కొత్తగూడ నుంచి నడిచి వచ్చారు. రోడ్డు మూసేశారు, ఫోన్ ఆగిపోయిందన్నారు. ముఖమంతా చెమట. మల్లేశం నవ్వుతూ ఎదురెళ్లి, “మందొచ్చింది మేడమ్, సీమ సార్ దయ,” అన్నాడు. ఆవిడ పెట్టె దగ్గరికి వెళ్లి నా టేపును, దాని కింద తెగిన ఎర్ర టేపును వేలితో తడిమారు. అలాగే ఇసుక బస్తా మీద కూలబడ్డారు.

“ఎవరు కోశారండీ?”

“నేనే మేడమ్. ఏమీ ముట్టలేదు. పచ్చ దీపం వెలుగుతానే ఉంది.”

“మందు బాగానే ఉంటుందండి. నాకు తెలుసు,” అన్నారావిడ. “విమానాశ్రయంలో మందుల అధికారి చూసి వేసిన సీలండి అది. దవాఖాన ఫార్మసిస్టు ముందే తెరవాలి. మధ్యలో తెగితే లోపల ఉన్నది అదే మందని ఎవరూ సంతకం పెట్టరు. సంతకం లేని మందు డాక్టరు గారు ఎక్కించకూడదు.”

“నేను పెడతాను సంతకం.”

“మీది చాలదండి.”

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మల్లేశానికి మొదట అర్థం కాలేదు. మందు ఉంది, చల్లగా ఉంది, బిడ్డ పేరు ఉంది. ఇంకేం కావాలని నన్నే అడిగాడు.

ఆ తర్వాతి మూడు వారాలు మేము చేసినదంతా చెబితే పిచ్చివాళ్లనుకుంటారు. శ్రీలక్ష్మి గారు ఢిల్లీకి ఫోన్ చేశారు. అక్కడి అధికారి కటువుగా ఏమీ మాట్లాడలేదట. రెండు దారులు చెప్పాడు. ఒకటి, కొత్త అనుమతి, కొత్త పెట్టె. దానికి మళ్లీ దవాఖాన ఉత్తరం, మళ్లీ పది వారాలు. రెండోది, సీలు ఎందుకు తెగిందో కోసినవాడి పైఅధికారి రాసిచ్చి, ఆ మందుకు బాధ్యత తమదని దవాఖాన సూపరింటెండెంటు సంతకం చేస్తే ఈ మందే వాడుకోవచ్చు. రెండు దారులకూ సూపరింటెండెంటు ఆఫీసే తాళం. ఆ ఆఫీసు సమ్మెలో ఉంది. వార్డులో డాక్టర్లు ఉన్నారు, రక్తం ఎక్కిస్తున్నారు. ముద్ర ఉన్న బీరువా తెరిచే మనిషి లేడు.

నా వంతు కాగితం నేను రాశాను. నంబరు, ర్యాంకు, పేరు, కోసిన సమయం, మూసిన సమయం. ప్లటూన్ కమాండర్ చదివి తలపట్టుకున్నాడు. “ఆర్డరు ప్రకారమే చేశావు. మరి క్షమాపణ రాసినట్టు రాశావేం?” అన్నాడు. కంపెనీ కమాండర్ దగ్గరికి తనే తీసుకెళ్లాడు. ఆయన కూడా మంచి మనిషే. బయటివాళ్లకు కాగితం ఇవ్వాలంటే హెడ్‌క్వార్టర్ అనుమతి కావాలని పైకి పంపాడు. పైకి వెళ్లిన కాగితం పదిహేను రోజులకు తిరిగొచ్చింది, ముద్రతో సహా. రెండో దారిలో నా సగం పూర్తయింది. మిగతా సగానికి ఇంకా తాళమే.

ఈ పదిహేను రోజులూ మల్లేశం పొద్దున డ్యూటీ చేసి మధ్యాహ్నం దవాఖానకు పోయేవాడు. నాకు సెల్యూట్ మానలేదు. అది నన్ను ఎక్కువ బాధించింది. ఒకసారి ఊరేగింపు వస్తుంటే నేనే కోపంగా అన్నాను, వీళ్లు నాలుగు రోజులు ఆపితే మన పని అయిపోయేది కదన్నా అని.

ఆయన ఊరేగింపు వైపే చూశాడు. “ఆపుమని నేనెట్లంట సార్? నలభై ఏండ్లసంది సూస్తున్న. గది గూడ నాదే గద,” అన్నాడు. ఆ రోజు మాత్రం ఆయన పెదాలు కదపలేదు.

ఇరవై తొమ్మిదో రోజు నేను, ప్లటూన్ కమాండర్ సెలవు అడిగి దవాఖాన ఆఫీసుకు వెళ్లాం. గేటు ముందు సమ్మె టెంటు. లోపల ఆఫీసు గుమాస్తాలే కూర్చుని ఉన్నారు. యూనిఫాంలో ఉన్న మమ్మల్ని చూసి లేచి నిలబడి నినాదాలు మొదలుపెట్టారు. నేను చేతులు జోడించి, ఒక పిల్ల ప్రాణం అని చెప్పాను. నా యాస విని ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన మాత్రం కాగితం తీసుకుని చదివాడు. “తాళం ఒక్కరు తీస్తే రేపు పది మంది తియ్యమంటరు సార్. కమిటీల అడుగుత, జర ఓపిక పట్టుండ్రి,” అన్నాడు. నా నంబరు రాసుకున్నాడు. నిజంగానే అడిగాడట కూడా.

ముప్పై మూడో రోజు మల్లేశం డ్యూటీకి రాలేదు. గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు. తొమ్మిదింటికి శ్రీలక్ష్మి గారు కిందికి దిగి వచ్చారు. ఆమె ముఖం చూడగానే తెలిసిపోయింది. మౌనికకు కాలేయం దగ్గర రక్తం గడ్డకట్టిందట, తెల్లవారుజామున పోయిందట. నేను షీల్డు గోడకు ఆనించి, టార్పాలిన్ వెనక్కి పోయి ఏడ్చాను. సెట్టు మోసే జవాను వచ్చి నా పక్కన నిలబడ్డాడు. సెట్టు శబ్దం తగ్గించాడు.

మరో ఆరు రోజులకు సమ్మె ఆగింది. ఆ మర్నాడే నా ఫోన్ మోగింది. దవాఖాన గుమాస్తా. “సార్, తాళం తీసినం. సూపరింటెండెంట్ సార్ కూసున్నడు. పది నిమిషాల పని, మేడమ్‌ని తోలుండ్రి,” అన్నాడు. గొంతులో సంతోషం. ఆయనకు చెప్పలేకపోయాను. సరేనండి అని పెట్టేశాను.

నలభయ్యో రోజు మధ్యాహ్నం మాకు తిరుగు ప్రయాణం. లారీలు ఎక్కే ముందు పది నిమిషాలు అడిగి నాలుగో అంతస్తుకు వెళ్లాను. శ్రీలక్ష్మి గారు కోల్డ్ రూము తలుపు అద్దంలోంచి చూపించారు. పెట్టె అక్కడే ఉంది. ఇంకొకరికి ఇచ్చేయొచ్చు కదా మేడమ్ అన్నాను. ఈ జబ్బుతోనే నగరంలో ఇంకో ఇద్దరు ఉన్నారని ఆవిడే చెప్పారు ఒకసారి.

“ఆ అమ్మాయి పేరు మీద వచ్చిందండి. ఇంకొకరికి వాడకూడదు. పారేయాలన్నా అనుమతి కావాలి. రాశాను,” అన్నారు. అద్దం మీద చెయ్యి అలాగే ఉంచారు.

ఎవరిని తిట్టాలో వెతికాను. నకిలీ మందులు ఆపే రూలు మంచిదే. బాంబులు ఆపే ఆర్డరు మంచిదే. సమ్మె వాళ్లకు న్యాయం. అందరినీ వదిలేస్తే చివరికి నా కుడిచెయ్యి ఒక్కటే మిగిలింది.

కిందికి దిగితే గేటు దగ్గర మల్లేశం. ఆ రోజే డ్యూటీలో చేరాడట. గుండు చేయించుకున్న తల మీద టోపీ వదులుగా ఉంది. నన్ను చూసి మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. నేనూ కొట్టాను. ఆఫీసరుకు కొట్టినట్టే కొట్టాను. ఆయన మాట్లాడతాడేమోనని కాసేపు నిలబడ్డాను. “పైలం సార్,” అన్నాడు, అంతే.

రెండు నలభైకి లారీ కదిలింది. ఆ తర్వాత అడవుల్లో చేశాను, సరిహద్దులో చేశాను. తుపాకీ మోతలు విన్నాను. ఇప్పుడు ఇంటికొచ్చి ఐదేళ్లు. అవేవీ నాకు కలలోకి రావు. మా ఊరి మందుల షాపు మూలన ఫ్రిజ్ ఒకటి ఉంది. బాగానే నడుస్తోందని చెప్పడానికి దాని మీద చిన్న పచ్చ దీపం. నాకు మాత్ర కావాలన్నా ఇంట్లో వాళ్లనే పంపుతాను. నేను వెళ్తే ఆ ఫ్రిజ్ అద్దం వెనక పన్నెండు డబ్బాలు కనిపిస్తాయి. ఒక్కో దాని మీద మౌనిక అనే పేరు, పక్కన పంతొమ్మిది అనే వయసు. పక్కనే ఆ పచ్చ దీపం, మందు బాగానే ఉందని చెబుతూ మిణుకుమంటూనే ఉంటుంది.